మామ తల

బ్రహ్మదేవుణ్ని చెంప మీద కొట్టిన మనిషిని నేను నెల్లికుదురులో చూశాను. ఏటా శివరాత్రి వెళ్ళాక కొడతాడు. బ్రహ్మతో ఆగడు. విష్ణువు విసిరిన చక్రాన్ని పట్టుకుని అప్పడం నమిలినట్టు నములుతాడు. భగుడి కళ్ళు పెరుకుతాడు, పూషుడి పళ్ళు రాలగొడతాడు, సరస్వతి ముక్కు కోస్తాడు, అగ్నిదేవుడి నాలుకలు తెగ్గోసి కుప్ప పోస్తాడు. అంతా అయ్యాక తువ్వాలతో మొహం తుడుచుకుని, "జర చాయ్ పొయ్యుండ్రి, గొంతు ఎండింది" అంటాడు. పేరు గట్టయ్య.

వీరభద్రుడి ముందు ఖడ్గం చదవడం ఆయన వంశం పని. ఖడ్గమంటే చేతిలోని కత్తి ఒకటే కాదు, ఆ కత్తి తిప్పుతూ ఊపిరి బిగబట్టి చదివే వచనానికి కూడా వాళ్ళింట్లో అదే పేరు. నడుముకి గంటలు, నుదుట బండారి పసుపు, ఛాతీకి ఇత్తడి రేకుతో చేసిన వీరభద్రుడి ముఖం. ఆ ముఖం జనగామ పక్కన పెంబర్తిలో చేయించింది. పెంబర్తి పనివాళ్ళ దగ్గర నేనొక మధ్యాహ్నమంతా కూర్చున్నాను. రేకును బోర్లా వేసి వెనక నుంచి కొడతారు. దేవుడి ముక్కు, మీసం, కోరలు అన్నీ వీపున పడ్డ దెబ్బలకే ముందువైపు లేస్తాయి. ఎదురుగా నిలబడి చూసేవాడికి ఆ దెబ్బలు కనపడవు. ఆ సాయంత్రం బస్సెక్కాక కూడా చెవుల్లో సుత్తి మోగుతూనే ఉంది.

గట్టయ్య చదివేది దక్షయజ్ఞం. కథ తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. దక్షుడు బ్రహ్మ కొడుకు. కూతురు సతీదేవిని శివుడికిచ్చాడు. ఇచ్చాక అల్లుడు నచ్చలేదు, బూడిద పూసుకుని వల్లకాట్లో తిరుగుతాడని. యజ్ఞం పెట్టి లోకమంతా పిలిచాడు, అల్లుణ్ని పిలవలేదు. కూతురు పిలవకపోయినా వచ్చింది. తండ్రి నిండు సభలో ఆమె మొగుణ్ని తిట్టాడు. ఆమె మంటలో పడి కాలిపోయింది. ఆ కబురు విని శివుడు జడ పెరికి నేలకేసి కొడితే అందులోంచి వీరభద్రుడు లేచాడు. వచ్చి యజ్ఞశాలను పీనుగుల పెంట చేసి, చివరికి మామగారి తల నరికి హోమగుండంలో వేశాడు.

బడి పుస్తకాల్లో పుట్టించడం బ్రహ్మకి, పెంచి కాపాడటం విష్ణువుకి, ముగించడం శివుడికి రాసి ఇచ్చారు. కలెక్టరాఫీసులో శాఖలు పంచినట్టుంటుంది. కానీ పురాణాలు తిరగేసిన కొద్దీ ఆ పంపకం నిలవదు. పుట్టించే బ్రహ్మకి ఐదో తల ఉండేదని, శివుడు దాన్ని గోటితో గిల్లేశాడని, ఆ పుర్రె చేతికి అంటుకుని ఊడిరాక శివుడు దాన్నే బొచ్చెగా పట్టుకుని ఇల్లిల్లూ అడుక్కున్నాడని ఒక కథ. లోకాన్ని ముగించేవాడు గుమ్మం ముందు నిలబడి గింజలడగటం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. ఆ మాట అంటే గట్టయ్య నవ్వాడు.

"మా బాపు అంటుండె. తల కోసినందుకు శివుడు అడుక్కున్నడు. మనం అడుక్కునేటందుకు తల కోసుకుంటున్నం అని."

అది ఊరికే అన్న మాట కాదు. గట్టయ్య తండ్రి కాలం దాకా వాళ్ళింట్లో నెత్తికోత ఉండేది. దుకాణం ముందుకో పెద్ద ఇంటి ముందుకో వెళ్ళి ఖడ్గం చదవాలి. అడిగింది ఇవ్వకపోతే అక్కడే బాసింపట్టు వేసుకుని చిన్న బాకుతో నడినెత్తిన కోసుకోవాలి. రక్తం మొహం మీదుగా ఆ గడప ముందు కారుతుంది. గడప ముందు వీరభద్రుడి మనిషి నెత్తురు పడితే ఆ ఇంటికి మంచిది కాదని భయం. ఇస్తారు. ఇవ్వకపోతే ఇంకో కోత. మానుకోట అంగట్లో ఒక పొద్దున ఒక వ్యాపారి మొండికేశాడు, గట్టయ్య తండ్రి అంతకంటే మొండికేశాడు. మూడో కోత లోతుగా దిగింది. పన్నెండేళ్ళ గట్టయ్య పక్కన డోలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తండ్రి ఒరిగిపోయాక కూడా ఆ వ్యాపారి చేతిలో బియ్యం చేట అలాగే ఉందట. ఇద్దామని తెచ్చాడో, లోపలికి తీసుకుపోదామనుకున్నాడో తెలియదు.

ఆ రోజు నుంచి గట్టయ్య బాకు నడుముకి కట్టుకున్నాడు గానీ దూయలేదు. కథ మాత్రం వదల్లేదు. చదువుతూ ఊళ్ళు తిరిగాడు. గంగారం అడవి దారిలో కత్తి భుజాన వేసుకుని పోతుంటే ఒకనాడు అడవిలోని వాళ్ళు ఆపి, నువ్వెవరి మనిషివని చెట్టుకు కట్టి కొట్టారు. కట్టు విప్పుకుని రోడ్డెక్కితే ఖాకీ బట్టల వాళ్ళు ఆపి అదే ప్రశ్న అడిగి కొట్టారు. "ఇద్దరికీ దక్షయజ్ఞం మొత్తం సదివి ఇనిపించిన సారూ," అని చెప్పాడు నాతో. "అడవిల కొంచెం మంచిగ ఇన్నరు."

ఆయన్ని నేను మొదట కలిసింది భూపాలపల్లి దాటి కాళేశ్వరంలో. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. ఒకటి యముడు, ఒకటి శివుడు. శివుడు అందరికీ ముక్తి ఇచ్చేస్తుంటే యముడికి పని లేకుండా పోయిందట. వెళ్ళి మొర పెట్టుకుంటే, సరే, నా పక్కనే కూర్చో, ముందు నీకు మొక్కాకే నాకు మొక్కుతారు అన్నాడట శివుడు. కొలువు ఊడిన దేవుడికి ఇరుకులో చోటిచ్చిన దేవుడు. నేను గోదావరి ఒడ్డున ఈ సంగతే ఆలోచించుకుంటూ ఉంటే, పక్కన ఒక సన్నటి మనిషి తలకు చుట్టిన తువ్వాల తడిపి పిండుకుంటూ కనపడ్డాడు. వెంట కూతురు. చెయ్యికి పిండి కట్టు.

ఆ కూతురు కల్పన. ఇకనుంచి చెప్పేదంతా ఆమె గురించే.

గట్టయ్యకూ ఆయన భార్య ఓదెమ్మకూ ఒక్కతే బిడ్డ. కొడుకులు లేరు కాబట్టి డోలు ఆమె మెడకే పడింది. తండ్రి కత్తి తిప్పుతుంటే వెనక నడుస్తూ వాయించేది. ఎక్కడ దరువు మారాలో, ఎక్కడ ఒక్క దెబ్బ ఎక్కువ వెయ్యాలో ఆమెకి నోటికొచ్చు. గార్లలో దేవేందర్‌కి ఇచ్చారు. వాళ్ళ కులమే. వాళ్ళు ఖడ్గం ఎప్పుడో మానేశారు. అతను డీసీఎం వ్యాను నడుపుతాడు, ఎండాకాలం మొదలైతే మిర్చి బస్తాలు మార్కెట్‌కి తోలుతాడు. చూడటానికి బాగుంటాడు, మాట కలుపుగోలు. ఇంట్లో కొడతాడు.

కొట్టడానికి పెద్ద కారణాలేమీ ఉండవు. ఫోన్ ఎత్తలేదని ఒకసారి. మిర్చి కల్లంలో తొడిమెలు తీసే పనికి పోయి ఎవరితోనో నవ్విందని ఒకసారి. చెయ్యి విరిగినప్పుడు ఆమె పుట్టింటికి వచ్చింది. గట్టయ్య కాళేశ్వరం తీసుకుపోయి ముంచి, పిండి కట్టు విప్పించాక, మళ్ళీ గార్లలో దింపి వచ్చాడు.

ఎందుకు దింపాడంటే, అక్కడ వాళ్ళింటి కట్టుబాటు ఒకటుంది. వాళ్ళ వంశంలో అల్లుడంటే శివుడు. అల్లుణ్ని తిట్టిన దక్షుడికి తల పోయింది కాబట్టి, ఖడ్గం చదివే మనిషి అల్లుణ్ని పల్లెత్తు మాట అనకూడదు. వీరభద్రుడి ప్రభ ఎత్తి ఊరేగించే రోజున అల్లుడు ఊళ్ళో ఉంటే ముందు అతని కాళ్ళు కడిగి ఆ తర్వాతే కత్తి పట్టాలి. అన్న మాట బయటపడితే మళ్ళీ జన్మలో కత్తి ముట్టే హక్కు లేదు. ఎన్నో ఇళ్ళల్లో ఆడపిల్లని మళ్ళీ ఆ కొంపకే పంపుతారు, పరువనో, గతిలేదనో. గట్టయ్య మాత్రం ఒక కథ కోసం పంపాడు.

రెండోసారి దేవేందర్ స్టీలు చెంబుతో మూతి మీద కొట్టాడు. ముందు పళ్ళు ఊడాయి, పెదవి చీలింది. మానుకోట దవాఖానలో కుట్లు వేయించుకుని కల్పన నెల్లికుదురు వచ్చింది.

"బాపూ, ఈసారి నేను పోను," అంది. పెదవి వాచి మాట సరిగ్గా రావటం లేదు.

గట్టయ్య నేల చూశాడు. "చూద్దాం బిడ్డా. ప్రభ దగ్గర పడ్డది."

"ప్రభకు నాకు ఏం సంబంధం?"

ఓదెమ్మ పొయ్యి ముందు నుంచి అందుకుంది. "కత్తి పోతదని భయం మీ బాపుకు. పళ్ళు పోయినా ఫరక్ లేదు."

ప్రభ ఎత్తేది వెంకట్రాం ఇంటి ముందు. ఊళ్ళో భూమి ఉన్న ఇల్లు, ఒకప్పుడు సర్పంచి చేశాడు. ఆయన మిర్చి తోలేది దేవేందరే. అతను ముందుగానే వెళ్ళి మొర పెట్టుకున్నాడు. వెంకట్రాం గట్టయ్యని పిలిపించాడు.

"ఆలుమొగల పంచాది మన ఊరి దాకా ఎందుకు గట్టయ్యా. పోరడు తప్పయిందంటున్నడు. ప్రభ దిగినంక బిడ్డను తోలియ్యి. నేను మాటిచ్చిన."

"సరే పటేలా," అన్నాడు గట్టయ్య.

ప్రభ రోజు పొద్దున నేను అక్కడే ఉన్నాను, కూరగాయల ఆటోలో వచ్చాను. ఎండు మిర్చి ఘాటు ఊరంతా పట్టి ఉంది, వచ్చిన వాళ్ళంతా దగ్గుతున్నారు. రంగు కాగితాలు, అద్దాలు కట్టిన ప్రభ వెంకట్రాం గడప ముందు ఒరిగి ఉంది, ఎత్తటానికి వెదురు బొంగులు పట్టుకుని మనుషులు సిద్ధంగా ఉన్నారు. దేవేందర్ తెల్లంగీ తొడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు. గట్టయ్య అతని ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. ఓదెమ్మ చెంబుతో నీళ్ళు పోస్తోంది. ఆమె చూపు కూతురి మీదే ఉంది, నీళ్ళు కాళ్ళ మీద కంటే పక్కనే ఎక్కువ పడుతున్నాయి.

"అత్తా, జర సక్కగ పొయ్యి, ప్యాంటు తడుస్తది," అన్నాడు దేవేందర్. చుట్టూ ఒకరిద్దరు నవ్వారు. అతను ఇంకొంచెం ఉత్సాహపడ్డాడు. "మామా, ఇయ్యాల మంచిగ సదువు. నీ కథల తల పోయేది మామదే గదా."

కల్పన డోలు మెడకి తగిలించుకుని గోడ పక్కన నిలబడి ఉంది. పైట పెదవి మీదికి లాక్కుంది. ఆమె బట్టల సంచి అప్పటికే డీసీఎంలో పెట్టేశారు. ప్రభ దిగగానే ఎక్కించడమే.

గట్టయ్య లేచి కత్తి దూశాడు. అశ్శరభ, దశ్శరభ అని వీరభద్రుడి కేక వేశాడు. డోలు మొదలైంది.

గట్టయ్య చదువుతుంటే వినటం గురించి ఒక మాట. మామూలుగా ఆ మనిషి గొంతు చిన్నది, అంగట్లో బేరమాడినా వినపడదు. కత్తి చేతిలోకొస్తే ఎక్కణ్నుంచో ఒక బరువు దిగుతుంది. ఆ రోజు ఆ బరువు మరీ ఎక్కువగా దిగింది. సతీదేవి మంటలో పడే చోట ఆయన కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు గడ్డం మీదుగా ఇత్తడి ముఖం మీద పడ్డాయి. వీరభద్రుడు పుట్టగానే గాలి కోసేసినట్టు కత్తి తిరిగింది. గొర్రెల మందలో పులి దూరినట్టు దేవతల మధ్య దూరాడు. భుజాలు విరుస్తున్నాడు, తొడలు చీలుస్తున్నాడు. బ్రహ్మ చెంప పగిలింది. "పుట్టిచ్చుడు నేర్చినవు గాని కొడుకుకు బుద్ధి చెప్పుడు నేర్వలే," అని మరో చెంప. విష్ణువు చక్రం విసిరాడు, అది పళ్ళ మధ్య కరకరలాడింది. "కాపాడేటోనివి గదా, ఆ పిల్ల మంటల పడ్డనాడు నువ్వు పంక్తిల కూసోని పాసెం జుర్రుతున్నవా?"

జనం ఊగిపోతున్నారు. పూషుడి దగ్గరికొచ్చాడు. శివుణ్ని తిడుతుంటే ఇకిలించి నవ్విన దేవుడు పూషుడు.

"నవ్వినవా పూషా. ఆడిపిల్ల కాలుతుంటె నవ్వినవా. ఏ పళ్ళు చూపి నవ్వినవో, ఆ పళ్ళు మట్టిల ఏరుకో."

దరువు తప్పింది. ఒక్క దెబ్బే. గట్టయ్య తలతిప్పి చూశాడు. కల్పన పైట జారిపోయింది, కుట్ల మధ్య ఖాళీ చిగుళ్ళు కనపడుతున్నాయి. ఆమె తండ్రినే చూస్తోంది. అవతల కుర్చీలో దేవేందర్ కాలు మీద కాలేసుకుని నవ్వుతున్నాడు, అందరికీ నవ్వొచ్చే చోటు అనుకుని.

గట్టయ్య మళ్ళీ అందుకున్నాడు. కానీ గొంతు మారిపోయింది. దక్షుణ్ని జుట్టు పట్టి ఈడ్చాడు. కత్తి లేచింది, దిగింది. తల తెగింది. ఆ తల హోమగుండంలో పడి చిటపటా కాలింది.

ఇక్కడ ఆగకూడదు. మామ తల తెగినప్పటి నుంచి దక్షుడికి మేక తల అతికించి లేపే దాకా చదివేవాడు ఊపిరి పీల్చటానికి కూడా ఆగకూడదు, మంచినీళ్ళు తాగకూడదు, కత్తి దించకూడదు. ఆ కాస్త సేపట్లో యజ్ఞం ఆగిపోయి ఉంటుంది, పుట్టించేవాడు ఏడుస్తుంటాడు, కాపాడేవాడు ఓడిపోయి ఉంటాడు, లోకానికి దిక్కుండదు. కథ అక్కడ ఆగితే ఆ నరుకుడు కథలోంచి ఊళ్ళోకి దిగుతుందని వాళ్ళ నమ్మకం.

గట్టయ్య కత్తి నేల మీద పెట్టాడు.

డోలు ఆగిపోయింది. బొంగులు పట్టుకున్న వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఆపినవేంది?" అన్నాడు వెంకట్రాం. "గట్టయ్యా, గిది ఆపే జాగనా?"

గట్టయ్య వినలేదు. దేవేందర్ ముందు, కడిగిన నీళ్ళ మడుగులోనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నడుము నుంచి బాకు తీశాడు. దానికి పట్టిన తుప్పు నాకు కనపడింది. తువ్వాల విప్పి పక్కన పెట్టి, నడినెత్తిన ఒక గీత లాగాడు. మొదట తెల్లగా చర్మం విచ్చుకుంది. ఆ తర్వాత రక్తం ఒక్కసారిగా దూకి కనుబొమల మీద పడింది.

"అల్లుడా, నా బిడ్డను నాకు ఇడిచిపెట్టు," అన్నాడు. తిట్టలేదు. ఆ క్షణంలో కూడా గొంతులో మర్యాద ఉంది. "ఇస్తనన్న దాక లేవ."

ఆ ఊళ్ళో నెత్తికోత చూసినవాళ్ళు ముసలివాళ్ళు మాత్రమే. వాళ్ళు ముందు వెనక్కి జరిగారు. వెంకట్రాం మొహం పాలిపోయింది. ఆయన గడప ముందు, ప్రభ ముందు, నెత్తురు.

"అయ్యో కొడుకా, మన ఇంటి ముంగట," అని లోపల్నుంచి ఆయన తల్లి అరుస్తోంది.

"ఒప్పుకోరాదు దేవేందర్," అన్నాడు వెంకట్రాం. "ఊకె మాటకు అను."

దేవేందర్ నవ్వు మొహం మీద అట్లాగే ఉండిపోయింది, తియ్యటం మర్చిపోయినట్టు. "నా పెండ్లాన్ని నేనెందుకు ఇడుస్త? కోసుకోనియ్యి. బెదిరిస్తుండు. ఈళ్ళ తాతల కాలంల నడిచింది గివన్ని."

గట్టయ్య రెండో గీత లాగాడు. అది లోతుగా పడింది. కళ్ళు రెండూ రక్తంతో మూసుకుపోయాయి. చెయ్యి తడుముకుంటూ మూడోసారి లేచింది.

కల్పన డోలు మెడలోంచి తీసి విసిరేసింది. వచ్చి బాకును పిడి దగ్గర కాదు, అలుగు దగ్గర పట్టుకుంది. అరచెయ్యి తెగింది. వదల్లేదు.

"బాపూ," అంది. "నేనేం దోసెడు బియ్యాన్నా, ఇంటి ముంగట కూసోని అడుక్కునేటందుకు?"

గట్టయ్యకి కనపడటం లేదు. మొహం ఆమె గొంతు వైపు తిప్పాడు.

"ఆడు ఇచ్చేదేంది, నువ్వు తీసుకునేదేంది. నేను పోనన్న. వచ్చిన నాడు కూడ అన్న. ఒక్కలన్న ఇన్నరా?" బాకు గుంజి గోడ అవతలికి విసిరింది. తర్వాత దేవేందర్ వైపు తిరిగి, అందరికీ వినపడేలా, "నా సంచి దించు" అంది.

దేవేందర్ లేచి ఆమె కొప్పు పట్టుకున్నాడు. పట్టుకుని డీసీఎం వైపు ఈడ్చాడు. వాళ్ళింట్లో నాలుగ్గోడల మధ్య ఎట్లా ఈడ్చేవాడో అట్లాగే, అలవాటైన చేత్తో. ఆమె చేతిలో డోలు కొట్టే పుల్ల ఇంకా ఉంది. దాంతో వెనక్కి కొట్టింది, చూడకుండా. అది అతని మూతికి తగిలింది. అతను ఆమె మొహం మీద గుద్దాడు, కుట్లు ఊడాయి. వంగి గట్టయ్య దించిన కత్తి అందుకున్నాడు.

తర్వాత జరిగింది చాలా వేగంగా జరిగింది. మగవాళ్ళు ఎవరూ కదల్లేదు. ఓదెమ్మ కదిలింది. చేతిలో ఉన్న ఇత్తడి చెంబుతో అతని మోకాలి చిప్ప మీద కొట్టింది. ఎముక పగిలిన చప్పుడు నేను విన్నాను. అతను ఒరుగుతూ కత్తి విసురుగా తిప్పాడు, ఓదెమ్మ మోచేతి కండ తెగి వేలాడింది. ఆమె రెండోసారి కొట్టింది. అప్పుడు పడ్డారు జనం. అంతసేపూ నవ్విన వాళ్ళు, పంచాయితీ చెప్పిన వాళ్ళు, ప్రభ బొంగులు పట్టుకున్న వాళ్ళు. బొంగులతోనే కొట్టారు. చెప్పులతో, రాళ్ళతో, మోకాళ్ళతో. దేవేందర్ చెయ్యి మోచేతి దగ్గర ఎదురు తిరిగింది. పక్కటెముకలు విరిగినప్పుడు ఎండు మిర్చి బస్తా మీద కాలేసినట్టు చప్పుడైంది. అతను మొదట తిట్టాడు, తర్వాత అరిచాడు, తర్వాత అమ్మా అన్నాడు, తర్వాత ఏమీ అనలేదు. కొట్టేవాళ్ళలో ఎవరికీ కల్పన మీద ప్రేమ ఉందని నేననుకోను. యజ్ఞశాలలో వీరభద్రుడి వెంట వచ్చిన శివగణాలు అన్నం గంగాళాలు కూడా తన్నేశాయని రాసి ఉంటుంది. అన్నం కుండ ఏం తప్పు చేసిందని అప్పట్లో అనుకునేవాణ్ని.

"సస్తడు, ఇడువుండ్రి," అని అడ్డం పడింది వెంకట్రాం భార్య కరుణ. ఇద్దరు మొగవాళ్ళ జబ్బలు కొరికితే గానీ వాళ్ళు ఆగలేదు. "మీ మొకాలు మండ, నిన్నటి దాక ఆనితోని కలిసి తాగింది మీరే గదా."

పోలీసులు వచ్చారు, అంబులెన్సు వచ్చింది. దేవేందర్ బతికాడు. కుడిచెయ్యి స్టీరింగ్ పట్టడానికి పనికిరాదన్నారు. కల్పన రక్తం కారే నోటితోనే, చెయ్యి విరిగిన నాటి నుంచీ మొత్తం చెప్పింది. రాసుకునే కానిస్టేబుల్ మధ్యలో రెండుసార్లు కలం ఆపి ఆమె వంక చూశాడు. కేసు నడుస్తోంది. ఆమె గార్ల వెళ్ళలేదు, వెళ్ళదు. సంచి ఆ డీసీఎంలోనే ఠాణా ఆవరణలో ఉండిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం నేను మానుకోట దవాఖానకి వెళ్ళాను. తల్లి ఒక మంచం, తండ్రి ఒక మంచం, మధ్యలో స్టూలు మీద కల్పన. గట్టయ్య తల గుమ్మడికాయంత కట్టు. కులపెద్దలు పొద్దున్నే వచ్చి, ఇక కత్తి ముట్టొద్దని చెప్పి పోయారట. అల్లుణ్ని ఆయన ఒక్క మాట అనలేదు కదా అని నేనంటే, అన్నదానికి కాదు సారూ, ఆపినందుకు అన్నాడు.

ఆయన దిగులు కత్తి గురించి కాదు. అన్నం ముట్టలేదు. కూతురు చెంచా నోటి దాకా తెస్తే మొహం తిప్పుకున్నాడు.

"తల లేకుంట ఉన్నడు బిడ్డా," అన్నాడు.

"ఎవలు?"

"దక్షుడు. మొన్నటిసంది గట్లనే పడున్నడు. నేను ముట్టొద్దంటిరి. ఇంకెవలకు రాదు."

కల్పన చెంచా గిన్నెలో పెట్టింది. కట్టు కట్టిన అరచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో మంచం ఇనుప పట్టీ మీద దరువు వేసింది. అక్షరాలు పళ్ళ సందులోంచి జారిపోతున్నాయి, అయినా ఆగలేదు. కొడుకు మొండెం ముందు కూలబడి, ఎన్ని లోకాలు పుట్టించినా ఇట్లాంటి కొడుకును మళ్ళీ పుట్టించలేనని బ్రహ్మ ఏడ్చాడు. విష్ణువు లేచి వచ్చి శివుడి చేతులు పట్టుకున్నాడు, ఇక చాలన్నాడు. ముగించేవాడు మొండెం పక్కన కూర్చుని సూదీ దారం అడిగాడు. నరికినవాడే కుట్టాడు, ఎదురొచ్చిన మేక తలతో.

"అమ్మా, జర సప్పుడు తక్కువ," అంది అటు పోతున్న నర్సు. పోలేదు, తలుపు దగ్గర నిలబడింది.

"దక్షుడు కండ్లు తెరిచిండు," అంది కల్పన. "లేచిండు. ఇంటికి పోయిండు." దరువు ముగించింది.

గట్టయ్య కళ్ళు మూసుకునే విన్నాడు. ఇప్పుడు తెరిచాడు.

"లేచినంక అల్లుని కాళ్ళ మీద పడుడు ఉంటది. మొక్కుడు ఇడిశినవ్."

"ఇడిశిన."

"మీ తాత గుడ ఇడువలే."

"తాతను ఏ మొగడు కొట్టిండు?"

పక్క మంచం మీద ఓదెమ్మ గొంతులో ఏదో చప్పుడైంది. ఫ్యాను చప్పుడు చేస్తూ తిరుగుతోంది. కల్పన మళ్ళీ చెంచా నింపింది, కానీ అందించలేదు, చేతిలో పట్టుకుని కూర్చుంది.

"ఇంటికి పోయి ఏం జేసిండు మరి?" అన్నాడు గట్టయ్య.

"బువ్వ తిన్నడు."

"మేక తలకాయతోనా?"

"తలకాయ ఏదైతేంది, ఆకలైతది గదా."

గట్టయ్య నోరు తెరిచాడు. ఆమె చెంచా పెట్టింది. మింగబోతూ పొలమారింది, అది దగ్గో నవ్వో ముందు తెలియలేదు.

"నవ్వియ్యకు బిడ్డా," అన్నాడు. "కుట్లు గుంజుతున్నయి."